కౌబాయ్ ఆటకు తుపాకి కొన్నాను!

మొన్న సంక్రాంతికి ఇంటికి ఫోను చేస్తే మా మేనమామ కుశలప్రశ్నలు కూడా వెయ్యకుండా అందుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు అమెరికాలో పెద్ద టోపీ పెట్టుకుని, నడుముకి రెండు పిస్తోళ్లు వేళ్లాడేసుకుని తిరుగుతున్నావటగా? మీ అత్తయ్యకి ఎవరో ఫొటో చూపించారు. బుద్ధిగా వుద్యోగం చేసి రిటైరయినవాడివి, ఇదేం పొయ్యేకాలం రా నీకు?"

"ఆట మామయ్యా, వుత్త ఆట!" అన్నాను.

"ఆటకి నిజం తుపాకులెందుకు?"

దానికి ఫోనులో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. మా మామయ్యకి తుపాకి అంటే తెలియక కాదు. కుర్రతనంలో ఆయన కొల్లేటి మీద జమీందారుగారి పడవలో తూటాల సంచీ మోసినవాడు. పన్నెండు బోరు, రెండు గొట్టాలు, వెనక రెండు సుత్తులు, బాతు పడితే నీళ్లలోకి దూకి తెచ్చేది ఈయనే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి ఆ వేటలు ఆగిపోయినా, ఆ తుపాకి మాత్రం ఆయన కబుర్లలో ఇంకా పేలుతూనే వుంది. అలాంటి మనిషికి "మేము ఇనపరేకుల్ని కొడతాం మామయ్యా" అని చెబితే నవ్వడా?

నేనుండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్సు దగ్గర. ఇక్కడి వాళ్లకి వాళ్ల తాతల కాలమంటే మహా మోజు. 1982లో దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు మిత్రులు చేరి, పాతకాలపు తుపాకులతో, పాతకాలపు దుస్తులతో ఒక పోటీ పెట్టుకున్నారు. దానికి "ఎండ్ ఆఫ్ ట్రెయిల్" అని పేరు. 1987లో దానికొక సంఘం కూడా ఏర్పడింది: సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ. ఇందులో చేరాలంటే మారుపేరు వుండితీరాలి. ఒకరు పెట్టుకున్న పేరు మరొకరు పెట్టుకోకూడదు. తెల్లవాళ్లు వాళ్ల బందిపోట్ల పేర్లూ షెరీఫుల పేర్లూ ఎప్పుడో పంచేసుకున్నారు. నాకు ఆ చిక్కు లేదు. "గోదావరి కిడ్" అని రాసి పంపాను. ఎవరూ అడ్డు రాలేదు!

ఆటలో ఒక్కొక్కరికీ నాలుగు ఆయుధాలు కావాలి. రెండు రివాల్వర్లు. ఆరు గదులున్నా అయిదే నింపాలి, సుత్తి కింద గది ఖాళీగా వుండాలి. ఒక లీవరు రైఫిలు. నాలుగోది షాట్‌గన్, అంటే మా మామయ్య మోసిన సంచీకి సంబంధించిన జాతి: ఒక్క గుండు కాక సీసపు రవలు చిమ్మేది. చెక్కలతో కట్టిన సారాకొట్టు ముందో, జైలు ముందో నిలబెడతారు. గడియారం "బీప్" అంటుంది. వరసగా అన్నీ పేల్చి రేకుల్ని కొట్టాలి. ఎన్ని సెకండ్లు పట్టిందో అదే మార్కు. గురి తప్పితే తప్పుకి 5 సెకండ్లు కలుపుతారు. వరస తప్పితే 10. రివాల్వరూ రైఫిలూ ముందే నింపి వుంచుకోవచ్చు. షాట్‌గన్‌ని మాత్రం నోరు తెరిచి, ఖాళీగా బల్ల మీద పెట్టాలి. గడియారం మోగాకే నడుముపట్టీలోంచి తూటాలు లాగి నింపాలి. అదీ ఒక్కసారికి రెండే. అంచేత ఈ ఆటలో గెలుపోటములు చాలాభాగం షాట్‌గన్ దగ్గరే తేలిపోతాయి.

సంఘం వారు ఒప్పుకునే షాట్‌గన్‌లు మూడు నాలుగు రకాలు. మనకి తెలిసిన రెండు గొట్టాలది ఒకటి, అయితే ఖాళీ తూటాల్ని దానంతటది బయటికి ఎగరేసే ఏర్పాటు వుండకూడదు. ఒంటిగొట్టంది ఇంకొకటి. 1897 నాటి వించెస్టరు పంపు తుపాకి వేరొకటి, ముందున్న చెక్కపిడిని వెనక్కీ ముందుకీ తోసేది. చివరిది లీవరు తుపాకి. కొత్తవాడెవడు వచ్చి అడిగినా అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే: రెండు గొట్టాలది కొనుక్కో, చవక, చెడిపోదు, నేర్చుకోవడం సులువు. నిజానికి నేనూ అదే చెబుతాను. మీరెవరైనా ఈ ఆటలో దిగదలుచుకుంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి అదే కొనుక్కోండి.

మరి నేను? నాకు ఆ లీవరు మీద మనసు పడింది. ట్రిగ్గరు చుట్టూ కడియంలా వుండే ఇనపకమ్మీని కిందికి తోస్తే వెనక తలుపు తెరుచుకుని ఖాళీ తూటా ఎగిరి పడుతుంది. పైకి లాగితే కొత్త తూటా లోపలికి పోయి తలుపు మూసుకుంటుంది. ఆ టకటక చప్పుడు వినాలి! పైగా "క్లాసిక్ కౌబాయ్" అని ఒక తరగతి వుంది. అందులో పోటీ చెయ్యాలంటే సుత్తులు బయటికి కనిపించే రెండు గొట్టాల తుపాకి గాని, ఈ లీవరు తుపాకి గాని వుండాలి. దాన్ని సాకుగా పెట్టుకున్నాను.

ఇక్కడ సినిమా సంగతి ఒకటి చెప్పాలి. 1991లో వచ్చిన "టెర్మినేటర్ 2" చిత్రంలో ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్ మోటారుసైకిలు నడుపుతూ ఒంటిచేత్తో ఒక తుపాకిని గిర్రున తిప్పి నింపుతాడు చూశారా, అది ఈ జాతిదే. గొట్టం కోసేసి, చెయ్యి పట్టేలా లీవరు కమ్మీని ప్రత్యేకంగా పెద్దది చేయించి తీసిన విన్యాసమది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లందరికీ ఆ గిరక తిప్పాలనే వుంటుంది. మామూలు లీవరుతో తిప్పితే వేళ్లు విరుగుతాయి. పోటీలో తిప్పితే ఇంటికి పంపేస్తారు.

అసలీ తుపాకిని తయారుచేసిన మహానుభావుడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ వూరివాడు, 1855లో పుట్టాడు, తండ్రి తుపాకులు బాగుచేసేవాడు. 1883లో వించెస్టరు కంపెనీ వారు ఇతని ఒంటితూటా రైఫిలు నమూనాని 8,000 డాలర్లకి కొనుక్కున్నారు. అప్పటినుంచీ ఆ కంపెనీకి ఇతను కామధేనువయ్యాడు. వారికి ఒక మళ్లీమళ్లీ పేలే షాట్‌గన్ కావలసివచ్చింది. దానికి పంపు పద్ధతే మంచిదని బ్రౌనింగ్ అభిప్రాయం. కాని వించెస్టరు అంటే లీవరు, లీవరు అంటే వించెస్టరు అని లోకంలో పేరుపడింది గదా, అంచేత లీవరే కావాలన్నారు వాళ్లు. సరే అని చేసిపెట్టాడు. అదే 1887 మోడలు. 10 బోరులోనూ 12 బోరులోనూ వచ్చింది. గొట్టం కిందివున్న గొట్టంలో అయిదు తూటాలు పడతాయి. 1901 దాకా 64,855 తుపాకులు చేశారు. ఆ తరవాత బలం పెంచి, పొగరాని మందుకి తట్టుకునేలా 1901 మోడలని 10 బోరులో మాత్రం 1920 దాకా చేశారు. 12 బోరులో ఎందుకు చెయ్యలేదంటారా? అప్పటికే బ్రౌనింగే చేసిన 1897 పంపు తుపాకి బజారు నిండా అమ్ముడుపోతూంది. అది 1957 దాకా నడిచి, లక్షల్లో కాదు, పది లక్షలు దాటింది. చివరికి నెగ్గింది బ్రౌనింగ్ మాటే!

చరిత్ర అయింది. నా కథకి వస్తాను.

అసలు 1887లు దొరుకుతాయి గాని నూరేళ్లు దాటినవి. అంచేత ఈ కాలంలో చాలామంది వాడేవి నకళ్లు. చైనాలో నోరింకో వారు చేశారు, ఇటలీలో కియాప్పా వారు చేస్తున్నారు. నేను ఒక తుపాకుల సంతలో చేతులు మారిన నకలొకటి కొన్నాను. ఎవరు చేసినదో చెప్పను. తప్పు చేసినవాడిదో, నాకన్నా ముందు దాన్ని వాడినవాడిదో నాకు తెలియదు గదా. కర్రకి మెరుగుపెట్టి వుంది, లీవరు ఆడిస్తే ఆడింది, అమ్మినవాడు నవ్వుముఖంతో వున్నాడు. అంతే, కొనేశాను. పెళ్లిచూపుల్లో పిల్ల పాట పాడిందని పెళ్లిచేసుకున్నట్టు!

మొదటి పోటీలోనే పరువు పోయింది. మొదటి రెండు తూటాలూ బాగానే పేలాయి. మూడోది లోపలికి పోతూ పోతూ అడ్డం తిరిగి, గూట్లో పావురంలా ముక్కు పైకెత్తి నిలుచుంది. లీవరు కిందికీ పోదు, పైకీ రాదు. వెనక జనం చూస్తున్నారు. గడియారం నడుస్తూంది. ఏమయిందో చూద్దామని తుపాకిని నా వైపు తిప్పబోయాను.

భుజం మీద ఒక చెయ్యి పడింది. మామూలుగా పడడం కాదు, నొక్కి పట్టుకోవడం.

తుపాకి మూతి ఎప్పుడూ గురుల వైపే వుండాలి. ఇటూ అటూ కలిపి 170 డిగ్రీల గీత దాటితే ఆ స్టేజి మొత్తం రద్దు. నేను దాటాను. ట్రిగ్గరు మీద వేలు లేదు, సగం ఇరుక్కున్న తూటా పేలేదీ కాదేమో. కాని నా ఎడమ పక్క లెక్క రాసుకునే ఆవిడ నిలబడి వుంది. ఆ మూతి ఇంకొక జానెడు తిరిగితే ఆవిడ పొట్టకి ఎదురుగా వుండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ చెయ్యి గడియారం పట్టుకున్న పెద్దాయనది. డెబ్బయ్యెనిమిదేళ్లవాడు, గనుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. నన్ను తిట్టలేదు. పోటీ అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి, "పార్డ్, రేపు ఆ తుపాకిని మా షెడ్డుకి పట్టుకురా," అన్నాడు. ఇక్కడ ఆటలో అందరూ అందరినీ "పార్డ్" అనే పిలుస్తారు, మనం "ఏమోయ్" అన్నట్టు. ఆయన నన్ను ఎప్పుడూ అదే అనేవాడు. నేను మాత్రం ఆయన్ని చివరిదాకా "సర్" అనే అన్నాను. మన పెంపకం అలాంటిది.

ఆ షెడ్డులోనే నాకు లీవరు తుపాకి చదువు అబ్బింది. మొదట ఆయన చేసిన పని, మందు లేని ఉత్త తూటాలు ఇరవై తెచ్చి, వాటిని నా చేత నింపించి, తియ్యించి, నింపించి, తియ్యించి ఒక గంట కూర్చోబెట్టడం. మెల్లగా ఆడిస్తే ఆరుసార్లకొకసారి ఇరుక్కుంది. జోరుగా ఆడిస్తే తక్కువ. "చూశావా, దీని లోపం పిరికివాళ్లకే కనిపిస్తుంది," అన్నాడు. తరవాత విప్పాడు. ఈ తుపాకి వెనక తలుపు తిన్నగా వెనక్కి జరగదు. గిలకలోంచి కోసిన పావుచెక్కలా ఒక మేకు చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతుంది. తూటాని పైకెత్తి గొట్టానికి అందించేది మరొక ముక్క. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ వేళకి కదలాలి. నాదాంట్లో ఆ ఎత్తేముక్క అంచులు అరంలా గరుకు, ఒక స్ప్రింగు నీరసం. సన్నటి సానరాయితో వారం రోజులు రుద్ది, స్ప్రింగు మార్చి ఇచ్చాడు. తరవాత అది నన్ను మళ్లీ అలా అవమానించలేదు.

అంచేత కొనేవాడు ఏం చూడాలో నాకిప్పుడు తెలుసు. ఉత్త తూటాలు జేబులో వేసుకుని వెళ్లాలి. ఆడించి చూడనివ్వనివాడి దగ్గర కొనకూడదు. మెల్లగానూ జోరుగానూ రెండు విధాలా ఆడించాలి. తూటా అంచుని పట్టి లాగే కొక్కాలు పదునుగా వున్నాయో లేదో, ఖాళీ తూటా బయటికి ఎగురుతూందో, పైనుంచే జారి లోపలే పడుతూందో చూడాలి. సుత్తిని సగం ఎత్తి నిలిపి, ఖాళీ తుపాకే సుమా, ట్రిగ్గరు మీద వేలితో ఒత్తితే అది పడకూడదు. కర్రకీ ఇనుముకీ అతుకు దగ్గర, మణికట్టులా సన్నగా వుండేచోట పగుళ్లు వుంటాయి. పాతవాటిలో ఇది మహా మామూలు జబ్బు. రంగుకీ మెరుగుకీ మోసపోకూడదు. పెద్ద లీవరు ఒకటి అదనంగా తగిలించి వుంటే, ముందటి యజమాని సినిమాలు చూసేవాడని అర్థం.

ఇంకొక కిటుకు వుంది. పోటీలో రెండేసి తూటాలే గనక కింది గొట్టంలోకి తోస్తూ కూర్చుంటే కాలం వృథా. తెరిచిన నోట్లోంచి ఒకటి తిన్నగా గొట్టంలోకీ, ఒకటి ఎత్తేముక్క మీదికీ జారవిడిచి లీవరు మూసేవాళ్లున్నారు. చూడ్డానికి గారడీలా వుంటుంది. అన్ని తుపాకులూ దీనికి లొంగవు. లోపలి ముక్కల్ని తెలిసినవాడి చేత సరిచేయించాలి. అమ్మేవాడు "ఇది రెండూ పడుతుంది" అంటే అక్కడే పట్టించి చూడండి.

పెద్దాయన దగ్గర అసలు 1887 ఒకటి వుండేది, 12 బోరుది. గోడకి తగిలించి వుండేది. ఆయన మామగారిదట. నాకు చేతికిచ్చి చూపించేవాడు గాని పోటీకి ఎప్పుడూ తెచ్చేవాడు కాదు. నేను ఒకసారి అడిగితే, "దాని గది పొట్టి, పార్డ్," అని వూరుకున్నాడు. నేనూ ఆ మాటకి అర్థం అడగలేదు.

పోయిన ఏడు ఆయన పోయారు. పదిహేను రోజులయ్యాక ఆయన భార్య కారు నడుపుకుంటూ మా ఇంటికి వచ్చి, దుప్పట్లో చుట్టిన ఆ తుపాకిని మా భోజనాలబల్ల మీద పెట్టింది. "నా పిల్లలకి దీని మీద ధ్యాస లేదు. గోడకి వేళ్లాడడం చూడలేకపోతున్నాను. నువ్వు పేల్చు. ఆయనకి నీమీద గురి," అంది. మా ఆవిడ కాఫీ పెట్టింది. నాకు నోట మాట రాలేదు.

ఆ ఆదివారమే దాన్ని రేంజికి పట్టుకెళ్లాను. ఆయన పేరున మొదటి తూటా పేల్చాలని తొందర. పక్కవాడు తన డబ్బాలోంచి రెండు తూటాలు అందించాడు, బజార్లో దొరికే మామూలు 12 బోరువే. ఒకటి లోపలికి జారవిడిచాను. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. లీవరు మూసుకుంది. తుపాకి భుజానికి ఎత్తాను.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది: "గది పొట్టి, పార్డ్."

దించేశాను. లీవరు తెరిచి తూటా తీసేశాను. చేతులు చెమటలు పట్టాయి.

మర్నాడు తుపాకులు బాగుచేసే నిపుణుడి దగ్గరికి వెళ్లాను. ఆయన కొలకర్ర పెట్టి చూసి తల ఊపాడు. తూటా కూర్చునే గది రెండుంబావు మీద ఇంకొక మూడు పరకలు, అంటే 2 అంగుళాల 5/8. ఇప్పటి తూటా పొడుగు 2 అంగుళాల 3/4. తేడా ఒక్క పరక, పావు అంగుళంలో సగం. మరి ఎలా పట్టింది? అక్కడే వుంది మోసం. తూటా మూతిని మడిచి మూస్తారు. మడిచి వున్నప్పుడు అది పొట్టి, శుభ్రంగా పడుతుంది. 2 3/4 అన్నది పేలి మడత విప్పుకున్నాక వుండే పొడుగు. ఆ మడత విప్పుకోవడానికి పాతగదిలో చోటు లేదు. గొట్టం సన్నబడేచోట ఇరుక్కుని దారి బిగిస్తుంది, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పైగా ఆ తుపాకి నల్లమందు కాలంలో పుట్టింది, తూటాలో వున్నదేమో పొగరాని మందు. పేలి వుంటే తప్పకుండా గొట్టం చీలేదని ఆయన అనలేదు. "కొన్ని తట్టుకుంటాయి. తట్టుకోనివాటిని నేను చూశాను," అన్నాడు. ఆయన బల్ల సొరుగు లాగి, అరటితొక్కలా విచ్చుకున్న గొట్టంముక్క ఒకటి చూపించాడు. అది రెండు గొట్టాల తుపాకిది. ఏ తుపాకిదైతేనేం!

అంచేత అసలు 1887 కొనదలుచుకున్నవాళ్లకి నా మనవి: తూటా పడుతూంది గదా అని నమ్మకండి. గది కొలిపించండి. గొట్టం ఏ రకందో చూపించండి. ఇనుమూ వుక్కూ మెలిపెట్టి అల్లిన డమాస్కస్ గొట్టాలు కూడా ఆ రోజుల్లో అడిగినవాళ్లకి వేసి ఇచ్చారు. చూడ్డానికి పాముచర్మంలా అందంగా వుంటాయి, గోడకి మరీ అందం. ఇప్పటి నకళ్లకి ఈ బెంగ లేదు, వాటి గదులు ఇప్పటి తూటాల కొలతకే వున్నాయి. ప్రతివారం పోటీకి వెళ్లి పేల్చాలంటే నకలే కొని, తెలిసినవాడి చేత సానపట్టించుకోవడం మేలని నా అభిప్రాయం. తూటాలు కూడా మెత్తటివి చాలు. ఈ యంత్రాన్ని నడిపేది మన చెయ్యిగాని మందు కాదు, తక్కువ మందుతోనూ అంతే బాగా ఆడుతుంది, భుజమూ మిగులుతుంది.

నిపుణుడు ఇంకొక మాట కూడా అన్నాడు: గదిని లోపల తొలిచి పొడుగు చెయ్యవచ్చునని. చెయ్యవచ్చు, చాలామంది చేయించుకున్నారు. కాని తొలిస్తే అక్కడ గొట్టం పల్చబడుతుంది, నూరేళ్ల వస్తువు నూరేళ్ల వస్తువుగా వుండదు. ఆవిడని అడిగాను. "ఆయన ఎందుకు చెయ్యలేదో అందుకే వద్దు," అంది.

గొట్టం మామూలు వుక్కుదే, లోపల తుప్పు లేదు, కర్రకి చిన్న పగులుంటే అతికించారు. రెండున్నర అంగుళాల పొట్టి తూటాల్లో నల్లమందు దట్టించి నేనే నాలుగు చేసుకున్నాను. చలికాలం చివర, బెన్ ఎవరీ రేంజిలో వింటర్ రేంజ్ పోటీలకి జనం దిగకముందు ఒక పొద్దున, ఆవిడనీ మా ఆవిడనీ వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటిది నేను పేల్చాను. ఢామ్మని కాదు, మెల్లగా గుండెలో తన్నినట్టు ధుమ్మంది. పొయ్యి రాజేసినట్టు తెల్లటి పొగ, రేకు పడిందో లేదో కనిపించలేదు. కుళ్లిన గుడ్డు వాసన. రెండోది ఆవిడ పేలుస్తానంది. పేల్చి, లీవరు తోసి, ఖాళీ తూటా ఎగిరి ఇసకలో పడితే వంగి ఏరుకుని కోటుజేబులో వేసుకుంది.

మిగిలిన రెండూ డబ్బాలో వున్నాయి. ఇంటికి వచ్చి తుపాకి గొట్టం సబ్బునీళ్లతో కడిగాను. నల్లమందు మసి ఆ పూటే కడగకపోతే ఇనుముని తినేస్తుంది.

ఆ రాత్రి మామయ్యకి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డురాకుండా విన్నాడు. ఆయనకిది చాలా అరుదు. చివర్న అడిగాడు:

"అయితే బాతులెన్ని పడ్డాయిరా?"

"ఒక్కటీ లేదు మామయ్యా. రేకులు రెండు."

"జమీందారుగారు నయం," అని ఫోను పెట్టేశాడు.